రాహుకాలంలో నిద్రపోయిన ప్రోగ్రాము

మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకు పైథాన్ అనే కంప్యూటరు భాషలో అసింక్ ప్రోగ్రాములు, అంటే ఒక జవాబు కోసం కాచుకుంటూనే ఇంకో పని చూసుకునేవి, రాయడం నేర్పే పని ఈమధ్య నా నెత్తిన పడింది. రెండో రోజుకల్లా ఎవరో ఒకరు అడుగుతారు, ఈ అవెయిట్ అనే మాట ఎక్కడ పెట్టాలి, పెట్టకపోతే ఏమవుతుందని. జవాబు పాఠంలోనే ఉంది, రంగురంగుల బొమ్మలతో సహా ఉంది. ఆ బొమ్మలు చూపించేముందు నేను మాత్రం కాసిని నీళ్లు తాగుతాను. నాకు ఆ మాట నేర్పినవాడు మా మేనమామ. ఆయనకు కంప్యూటరు భాష ఒక్క ముక్క రాదు. బొమ్మనహళ్ళిలో దారాలూ గుండీలూ అమ్మే అంగడి మీద ఒక చిన్న మేడగదిలో కూర్చుని, ఫోన్లో అడిగినవాళ్లకు షేర్లు కొనిపెట్టేవాడు, అమ్మిపెట్టేవాడు. పెద్ద బ్రోకరు కంపెనీ ఒకదాని కింద చిన్న ఏజెంటు, అంతే.

ఆ గదిని తలుచుకుంటే ముందుగా కొత్త గుడ్డల గంజి వాసన వస్తుంది. ఆ వీధి నిండా కుట్టు ఫ్యాక్టరీలు. మా అమ్మ వాటిలో ఒకదానిలో కాలర్లు కుట్టేది. స్కూలుకు సెలవులిస్తే నన్ను తెచ్చి మామ గదిలో పడేసి పోయేది. కింద హోసూరు రోడ్డు మీద లారీలు హారన్లు కొడుతుంటే, పైన మామ బల్ల మీద మూడు ఫోన్లు మోగుతుండేవి. మాది తాతల కాలంలో మడకశిర వైపు నుంచి వచ్చి ఇక్కడ పాతుకుపోయిన కుటుంబం. మామ ఒక ఫోన్లో తెలుగు, ఇంకో ఫోన్లో కన్నడం, మూడో దాంట్లో రెండూ కలిపి మాట్లాడేవాడు. మధ్యలో కాఫీ బై టూ, అంటే ఒక్క కాఫీని రెండు గ్లాసుల్లో, చెప్పించి, పెద్ద సగం నాకే పోసేవాడు. ఆ రోజులు మళ్లీ రమ్మంటే వస్తాయా? రావు. వస్తే ఈ ఉద్యోగం రేపే మానేస్తాను.

మామకు ఒక పద్ధతి ఉండేది. ఫోన్ పట్టుకుని ఎవరి కోసమూ ఊరికే కాచుకునేవాడు కాదు. ఒకరు ధర అడిగితే, కంపెనీ నుంచి ఆ ధర వచ్చేలోపల "ఉండప్పా" అని రిసీవరును బల్ల మీద వెల్లకిలా పెట్టి రెండోది ఎత్తేవాడు. అక్కడా "ఉండమ్మా" అని మూడోదానికి పోయేవాడు. ధర రాగానే మొదటి రిసీవరు ఎత్తి, ఏ మాట దగ్గర వదిలాడో సరిగ్గా ఆ మాట దగ్గరే అందుకునేవాడు. ఒకరి లెక్క ఇంకొకరికి కలిసిపోవడం నేనెప్పుడూ చూడలేదు. ముగ్గురూ తమతోనే మాట్లాడుతున్నాడనుకునేవారు. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే ఆయన మీసం కింద నవ్వుకునేవాడు. తన పనిమీద ఆయనకు చాలా గర్వం. అది నాకూ అంటుకుంది. నా పని సంగతి నేను చెప్పుకోకూడదు గానీ, సాఫ్ట్‌వేర్ టెస్టింగులో పదేళ్లుగా ఇతరుల తప్పులు పట్టి జీతం తీసుకుంటున్నదాన్ని. నా నోటికి మా టీములో అందరూ జడుస్తారు.

కరోనా తర్వాత, ఆఫీసు పని ఇంటినుంచే చేసుకుంటున్న రోజుల్లో, మామ నన్ను రమ్మని కబురు పెట్టాడు. అప్పటికి కస్టమర్లు చాలామంది సొంత ఫోన్లలో యాప్‌లు పెట్టుకుని వెళ్లిపోయారు. ఒక పద్దెనిమిది మంది మాత్రం మిగిలారు. నేను వెళ్లేసరికి ఆయన కంప్యూటరు తెరకు ముక్కు ఆనించి, చేతిలో భూతద్దం పెట్టుకుని ఉన్నాడు. తలుపు వేయమన్నాడు. కంటిలో ఒత్తిడి పెరిగి నరం చెడిపోయిందనీ, పోయిన చూపు రాదని డాక్టరు తేల్చేశాడనీ, ఉన్నది కూడా పోతూ ఉందనీ చెప్పాడు. తెరమీద అంకెలు తనకు సరిగ్గా కనబడక అప్పటికే రెండేళ్లు దాటిందట. కస్టమర్లకు తెలియదు. అత్తకు సగమే చెప్పాడట.

నేను ఏడుస్తానని ఆయనకు తెలుసు. అందుకే ఏడవడానికి సందివ్వకుండా పని చెప్పేశాడు. ధరలు ఎప్పటికప్పుడు చూసి తన చెవిలో చెప్పే ప్రోగ్రాము ఒకటి కావాలి. ఇంత ధరకు దిగితే అమ్మేయమని కస్టమరు చెప్పి ఉంటే, దిగిన క్షణాన అమ్మేయాలి. ఇంత ధరకు దొరికితే కొనమని ఉంటే కొనాలి. తను కుర్చీలో కూర్చుని ఫోన్లు మాట్లాడుకుంటాడు. ఎవరికీ అనుమానం రాకూడదు.

"ఈ కుర్చీ పోయిందనుకో అమ్మణ్ణీ, ఇంట్లో గోడ చూస్తా కూర్చోవాల. ఆ గోడ కూడా సరిగ్గా కనపడదు" అన్నాడు.

నవ్వించడానికే అన్నాడు. చేస్తాను మామా అని మాత్రం అన్నాను.

బ్రోకరు కంపెనీ వాళ్లకు ఏపీఐ ఉంది. అంటే మనిషి తెర చూసి మీట నొక్కే బదులు, మన ప్రోగ్రామే నేరుగా వాళ్ల కంప్యూటరుతో మాట్లాడి ధర అడగొచ్చు, ఆర్డరు వేయొచ్చు. పైథాన్‌లో దానికొక క్లయింటు, అంటే ఆ మాటలు నడిపే ప్రోగ్రాము ముక్క, కూడా తయారుగా ఉంది. ఇన్‌స్టాల్ చేసి, వాళ్లిచ్చిన తాళంచెవి లాంటి అక్షరాల గుంపును పెట్టి, పొద్దున్నే లాగిన్ అయి, ఒక కంపెనీ షేరు ధర అడిగాను. అంకె వచ్చింది. ఒక్క అంకె. దానికే నేను కుర్చీలోంచి లేచి గదిలో ఒక చుట్టు తిరిగాను.

ఆ సంతోషం మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు. నేను పాత పద్ధతిలో, ఒకదాని తర్వాత ఒకటి అడుగుతున్నాను. మొదటి షేరు ధర అడిగి, అది వచ్చేదాకా చేతులు కట్టుకుని నిలబడి, వచ్చాక రెండోది. పద్దెనిమిది మంది షేర్లూ ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి మొదటి ధర పాతబడిపోయేది. అసింక్ పద్ధతిలో రాయాలని క్లయింటు పాఠంలో మొదటి పేజీలోనే ఉంది. రెండు రోజులు ఆ పేజీలు చదివి నా తల నేనే తినేశాను. లూప్ అంటాడు, టాస్క్ అంటాడు, ప్రతి రెండో లైనుకూ అవెయిట్ అంటాడు. పెట్టినచోట ఎందుకు పెట్టామో తెలియదు, తీసేస్తే ఎర్రక్షరాలు. మూడో రోజు ఒళ్లు మండి ల్యాప్‌టాప్ మూసేసి, గోడకు ఆనుకుని మామను చూస్తూ కూర్చున్నాను.

మామ ఫోన్ ఎత్తాడు. ఉండప్పా అన్నాడు. రెండో ఫోన్ ఎత్తాడు.

అంతే, నా బుర్రలో దీపం వెలిగింది. ఇంతకాలం నా కళ్లముందు జరిగింది ఇదే కదా. అవెయిట్ అంటే మామ అనే "ఉండప్పా". జవాబు వచ్చేదాకా ఈ పనిని బల్ల మీద వెల్లకిలా పెట్టి ఇంకోదానికి పో, వచ్చాక వదిలినచోట అందుకో. మూడు ఫోన్లకూ ఉన్నది ఒకే మామ. అన్ని టాస్కులకూ ఉన్నది ఒకే లూపు. ఆ లూపును మధ్యలో ఎవరూ కట్టిపడేయకూడదు. అంతకంటే అందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. ఆ సాయంత్రానికే పద్దెనిమిది ధరలూ ఒకదాన్నొకటి తోసుకుంటూ తెరమీదికి వచ్చిపడ్డాయి. మామకు ఈ సంగతి చెబితే, నేను ఏమీ చదువుకోకుండానే నీ చదువుకు గురువునైనానా అని రోజంతా నన్ను ఆటపట్టించాడు.

ప్రోగ్రామును రెండు ముక్కలుగా రాశాను. ఒకటి కళ్లు, ఒకటి నోరు అని పేర్లు పెట్టుకున్నాను. కళ్లు ధరలు చూసి ఒక ఫైల్లో రాస్తాయి, దిగిన ధరకు అమ్మేదీ కొనేదీ కూడా అవే. నోటి పని ఒక్కటే: మామ కీబోర్డు మీద కస్టమరు నంబరు నొక్కితే, ఆ ఫైల్లో ఉన్న ధరను చెవిలో పెట్టిన ఇయర్‌ఫోన్లో చదివి వినిపించడం. మొదటిసారి ఆ గొంతు వినగానే మామ ఉలిక్కిపడి, ఈయమ్మ ఏ ఊరిదే, వార్తలు చదివినట్ల చదువుతుంది అన్నాడు. "ఉంది" అంటే ఆయనకు నచ్చలేదు. "ఉండాది" అనేలా మార్చేదాకా నన్ను వదల్లేదు. మార్చాక అదే అంకెను నాలుగుసార్లు నొక్కి విన్నాడు. ఆ ముఖం నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. పోయిన వస్తువేదో కాలికి తగిలినవాడిలా ఉన్నాడు.

సోమవారం నుంచి గురువారం దాకా ఉత్తుత్తి ఆర్డర్లతో నడిపి చూశాం. ఒక్క తప్పు రాలేదు. శుక్రవారం మంచిరోజు, అసలు ఆర్డర్లు అప్పుడు మొదలుపెడదామని మామే అన్నాడు. గురువారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు, కస్టమర్లు కొనమన్న షేర్లు రాసుకున్న కొనుగోలు చీటీలన్నీ ఏరి బల్ల మీద బోర్లా తిప్పిపెడుతూ, నీ మిషనుకు రాహుకాలం తెలుసునా అని అడిగాడు.

ఇది ఆ గదిలో నా చిన్నప్పటి నుంచీ ఉన్న ఆచారమే. రోజుకు గంటన్నర రాహుకాలం, ఒక్కో రోజు ఒక్కో వేళకు. ఆ వేళలో కొనుగోలు చీటీలు బోర్లా పడుకుంటాయి. ఆయన కస్టమర్లలో చాలామంది దానికోసమే ఆయన దగ్గర ఉండేవారు. యాప్‌కు రాహుకాలం తెలియదు కదా. నాకు మాత్రం ఒళ్లు మండింది. నాలుగు రోజుల కష్టం తర్వాత అడగాల్సిన మాటా ఇది? రాహువు ప్రపంచంలో మార్కెట్లన్నీ వదిలేసి మన బొమ్మనహళ్ళి మేడగదినే పట్టుకున్నాడా అని దెప్పాను. ఆయన కోప్పడలేదు. వాళ్లు నమ్మి చెప్పినారు అమ్మణ్ణీ, మనం మాట దాటకూడదు అన్నాడు.

సరేనని ముఖం మాడ్చుకుని రాశాను. కోపంలో ఉంటే నేను తక్కువ లైన్లు రాస్తాను. ఆ రోజు రాసింది ఒక్కటే లైను: రాహుకాలం మొదలైతే ఐదువేల నాలుగువందల సెకన్లు నిద్రపో. దాన్ని పరీక్షించలేదు. పదేళ్లుగా పరీక్షించి బతికేదాన్ని, పరీక్షించలేదు. రాహుకాలంలో ఏం ఆగాలి, ఏం ఆగకూడదు అని మామను ఒక్క మాట అడగనూ లేదు.

శుక్రవారం తొమ్మిదింబావుకు మామ ఉతికిన తెల్లచొక్కా వేసుకుని, అగరొత్తి వెలిగించి, కుర్చీలో కూర్చున్నాడు. గంటసేపు పండగే. ఫోన్ రావడం, ఆయన చేతివేలు నంబరు నొక్కడం, చెవిలో విన్న ధరను తాను చూసి చెబుతున్నట్టే గట్టిగా చెప్పడం. తెరవైపు ముఖం తిప్పి కళ్లు చిట్లించేవాడు కూడా, ఎదురుగా ఎవరూ లేకపోయినా. పదిన్నరకు నాకు ఆఫీసు మీటింగు మొదలైంది. అదే గదిలో మూల కూర్చుని హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాను. శుక్రవారం రాహుకాలం కూడా పదిన్నరకే.

పైథాన్‌లో నిద్రలు రెండు రకాలు. ఒకటి, నేను కాసేపు పడుకుంటాను, మీరు మీ పనులు చూసుకోండి అనే నిద్ర. దాని ముందు అవెయిట్ ఉంటుంది. రెండోది ఇంటికి తాళం వేసి, దీపాలార్పి, లోపలున్నవాళ్లందరినీ కట్టేసి పడుకునే నిద్ర. నేను విసురుగా రాసింది ఆ రెండోది. పదిన్నరకు కళ్లు మూతపడ్డాయి. కొనుగోళ్లు ఆగాయి, అమ్మకాలూ ఆగాయి, ధరలు చూడడమే ఆగిపోయింది. నోరు మాత్రం వేరే ప్రోగ్రాము కదా, అది మేలుకునే ఉంది. మామ నంబరు నొక్కినప్పుడల్లా పదిన్నరకు రాసిపెట్టిన ధరనే చదువుతూ పోయింది.

పదకొండుంబావుకు ఆనేకల్ నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. ఒకప్పుడు మా అమ్మతోపాటు ఫ్యాక్టరీలో పనిచేసి, తర్వాత సొంతంగా ఎనిమిది మిషన్లతో కుట్టు షెడ్డు పెట్టుకున్న మనిషి. మామ దగ్గర పాతికేళ్ల నాటి కస్టమరు. ఇంకో రెండు మిషన్లు కొనుక్కోవడానికని ఒక కంపెనీ షేర్లు దాచుకుంది. నూట ముప్పైఎనిమిదికి దిగితే అమ్మేయమని మామకు చెప్పిపెట్టింది. నా హెడ్‌ఫోన్ల సందుల్లోంచి మామ గొంతు వినిపించింది, నూట నలభైరెండు ఉండాదమ్మా, భయం లేదు అని. అవతల కొంచెంసేపు ఏ మాటా లేనట్టుంది. మామ హలో హలో అన్నాడు. తర్వాత ఫోన్ పెట్టేసి, సరే అనిందే అని తనలో తను అనుకున్నాడు.

పన్నెండుకు పావుగంట ముందు మీటింగు అయిపోయింది. అలవాటు కొద్దీ ప్రోగ్రాము రాసుకునే చిట్టా తెరిచాను. ఆఖరి లైను పదిన్నరది. దాని కింద ఏమీ లేదు. నా ఫోన్లో ఆనేకల్ ఆవిడ షేరు ధర చూశాను. నూట ఇరవైఎనిమిది.

మామా అన్నాను. నా గొంతులోనే ఆయనకు సగం అర్థమైంది. ఎంత ఉండాది చెప్పు అన్నాడు. చెప్పాను. ఆయన ఫోన్ ఎత్తి, కంపెనీకి చెప్పి, ఆవిడ షేర్లు చేత్తోనే అమ్మించాడు. ఒక మిషను ఖరీదు గాలికి కొట్టుకుపోయింది. రాహుకాలం కదా మామా అని నేను వెర్రిదానిలా గొణిగాను.

"మొదలుపెట్టిన పనికి రాహుకాలమేముందే? కొత్తది ఎత్తుకోకూడదు, అంతే. నడిచేది నడవాల. ఇది నన్ను అడగకుండా రాస్తివా?"

అరిచి ఉంటే బాగుండేది. మామూలుగా అడిగాడు. నా పొగరుమోతుతనం మీద నాకు అసహ్యం వేసింది. ఆ గదిలో పెరిగాను, ఆ బోర్లా చీటీలను వందలసార్లు చూశాను, వాటి పక్కనే అమ్మకం చీటీలు వెల్లకిలానే ఉండేవన్న సంగతి మాత్రం ఏనాడూ గమనించలేదు.

ఆ సాయంత్రం మామ, రేపు ఆనేకల్ పోదాం, డబ్బు నేనిస్తాను, కండ్ల సంగతి కూడా చెప్పేస్తాను అన్నాడు. మిషను తప్పు అని చెబుదాం, నా తప్పు అని చెబుదాం అని బతిమాలాను. వినలేదు. చూడకుండానే చూసినట్టు చెప్పింది తన నోరు కదా అన్నాడు. ఆవిడకు చెబితే వారంలో అందరికీ తెలుస్తుందని ఇద్దరికీ తెలుసు. తెలిస్తే కుర్చీ ఉండదు. చూపు లేనివాడి చేతిలో ఎవరు తమ షేర్లు పెడతారు?

శనివారం మార్కెట్టుకు సెలవు. బస్సు దిగాక ఆయన నా మోచెయ్యి పట్టుకున్నాడు. అంతవరకు ఎవరినీ పట్టుకుని నడవని మనిషి. షెడ్డులో మిషన్లన్నీ ఒక్కసారిగా మోగుతున్నాయి. ఆవిడ మమ్మల్ని చూసి వాటిని ఆపించి, స్టూళ్లు వేసి, టీ తెప్పించింది. మామ గ్లాసు ముట్టుకోలేదు. నిన్నటి ధర తాను చూసి చెప్పింది కాదనీ, తనకు అంకెలు కనబడక చాలాకాలమైందనీ, దాచిపెట్టడం తప్పేననీ, నష్టం పూర్తిగా తానే ఇచ్చుకుంటాననీ తల వంచుకునే చెప్పాడు. రాత్రంతా కంఠతా పట్టిన పాఠంలా గబగబా అప్పగించాడు.

ఆవిడ టీ గ్లాసు ఆయన చేతికి అందించింది, వేళ్లు సరిగ్గా చుట్టుకునేలా.

"తెలుసన్నా" అంది. "మా ఆయన పోయిన దినం వస్తివే, నా ముందర నిలబడి నన్నే అడిగితివి, ఆయమ్మ యాడుండాదని. రెండేండ్లాయె."

మరి నిన్న ఫోన్లో ఎందుకు ఏమీ అనలేదని మామ అడిగాడు. తన ఫోన్లో నూట ముప్పైమూడు అని కనబడుతూనే ఉందట ఆవిడకు.

"నూట ముప్పైమూడు అంటే, నీకు కనపడలేదని నీ మొగానే చెప్పినట్లే కదన్నా. నోరు రాలేదు."

ఒక మనిషికి సిగ్గు కలగకూడదని ఇంకో మనిషి కళ్లముందే అంత డబ్బు పోనివ్వడం నేను అంతకుముందు చూడలేదు. నాకు ఏడుపు వచ్చింది. ఈసారి ఆపుకోలేదు. మామ ఇంకో మాట అడిగాడు, తెలిసీ షేర్లు నా దగ్గరే ఎందుకు పెట్టుకున్నావమ్మా అని. ఆవిడకు ఆ ప్రశ్నే వింతగా ఉన్నట్టుంది.

"పొద్దున్నే ఇంగెవురికి ఫోన్ చేసేదన్నా?" అంది.

డబ్బు దగ్గర మాత్రం ఆవిడ గట్టిగా నిలబడింది. మామ మొత్తం ఇస్తానంటే ఒప్పుకోలేదు, వద్దనీ అనలేదు. నువ్వు తప్పు చెప్పినావు, నేను తెలిసీ గమ్మునుంటిని, సగం సగం అంది. అలాగే తీసుకుంది. మేం మెట్లు దిగుతుంటే మిషన్లు మళ్లీ మొదలయ్యాయి. బస్సులో మామ కిటికీ పక్కన కూర్చుని దారంతా నవ్వుతూనో ఏడుస్తూనో తెలియకుండా ఉన్నాడు. బొమ్మనహళ్ళి వచ్చే ముందు ఒకే మాట అన్నాడు, ఈ రెండేండ్లూ కండ్లు చిట్లించి తెర చూసినట్ల ఎంత నటిస్తినే అని.

ఆదివారం కూర్చుని ప్రోగ్రాము సరిచేశాను. ఈసారి మామను పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కొక్కటే అడిగి రాశాను. రాహుకాలం నిద్రను కొనుగోలు టాస్కుకు మాత్రమే ఇచ్చి, దాని ముందు అవెయిట్ పెట్టాను. ధరలు చూసే పని, దిగితే అమ్మే పని ఏ వేళకూ ఆగవు. నోరు కూడా ఇక ధరతోపాటు అది ఎన్ని సెకన్ల కిందట చూసిందో చెబుతుంది. గడియారం ముందుకు జరిపి, ఉత్తుత్తి రాహుకాలాలు సృష్టించి, నలభైసార్లు పరీక్షించాను. మామ ప్రతిసారీ, ఇప్పుడు నడుస్తా ఉండాదా అని అడిగాడు. నడుస్తా ఉండాది మామా అని నలభైసార్లూ చెప్పాను.

సోమవారం తొమ్మిదింబావుకు మళ్లీ అదే కుర్చీ. మొదటి ఫోన్ బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన ఒక పెద్దమనిషిది. పద్దెనిమిది మందిలోకీ నోటి దురుసు ఎక్కువ. ఆయన ధర అడిగాడు. మామ చెయ్యి కీబోర్డు మీదికి పోయింది, అక్కడే ఆగింది. నంబరు నొక్కలేదు. ఊపిరి గట్టిగా పీల్చుకుని, కింద గుండీల అంగడివాళ్లకు కూడా వినబడేంత గొంతుతో చెప్పాడు.

"నాకు కండ్లు కనపడవప్పా. చానా దినాలాయె. ఇంగ మీదట మిషను చూస్తుంది, నేను మాట్లాడతా. ఇష్టముంటే ఉండు, లేదంటే కాగితాలు పంపిస్తా."

నేను లేచి నిలబడ్డాను. ఫోన్ శబ్దం పెద్దది పెట్టుకునే అలవాటు మామది, అందుకే ఆ పెద్దమనిషి మాట నాకూ వినబడింది.

"ఎన్ని దినాలకి చెప్తివప్పా" అన్నాడు. "ఉండు, నా ఫోన్లో చూసి చెప్తా. నువ్వు రాసుకో."

ఆయన అద్దాలు వెతుక్కుని, ఒక్కో అంకె ఆగి ఆగి చదివాడు. మామ వెనకాలే ఒక్కో అంకె పలికాడు. నేను తెర చూశాను. ఆయన చదివిన ధర, నా ప్రోగ్రాము చూసిన ధర ఒకటే.